కొండపల్లి బొమ్మల చెక్క మీద ఉడ్‌కట్: గీతలు నిలవట్లేదు, ఏం చెయ్యను?

గుంటూరు గీతలు: మొన్న ఆదివారం బెజవాడ బాపు మ్యూజియంలో కొందరు చిత్రకారులు ఉడ్‌కట్, లినోకట్ (చెక్క మీదో, లినోలియం షీటు మీదో బొమ్మ చెక్కి, ఇంకు రాసి కాగితం మీద అచ్చు తీయడం) గురించి కబుర్లు చెప్పుకుంటుంటే నేనూ వెళ్లి కూర్చున్నా. ఒకాయన 1930లో బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ చేసిన గాంధీగారి లినోకట్ నకలు చూపించారు. ఆ ఊపులో ఇంటికొచ్చి, కొండపల్లి నుంచి తెచ్చుకున్న తెల్లపొణికి ముక్క మీద ప్రకాశం బ్యారేజీ మొదలెట్టా. 70 గేట్లలో ఏడు వేద్దామనుకున్నా. సన్నగా వదిలిన స్తంభాలు ఉలి తగిలితే చాలు, తునిగిపోతున్నాయి. మిగిలిన చోట ఇంకు పీల్చేసి మచ్చలు. కింద ‘కృష్ణ’ అని చెక్కితే తిరగబడి పడింది. మా ఆవిడ చూసి “ఇది ఏ భాష?” అంది. టేకు కొనమంటారా?

పెడన పక్కూరు: మా దగ్గర కలంకారీ అచ్చులు టేకువేనండీ, బాగా ఆరిన చెక్క. అయితే ఒక తేడా ఉంది. ఇక్కడ అచ్చు బట్ట మీదికి దిగుతుంది, బట్ట కింద మెత్త ఉంటుంది. అందుకే లోతుగా తవ్వుతారు. మీకు కాగితమే చెక్క మీదికొస్తుంది, అంత లోతు అక్కర్లేదు. స్తంభం చుట్టూ గొయ్యి తవ్వారు కాబోలు.

పాత ఉలి: టేకు తర్వాత సంగతి. గాంధీగారి బొమ్మ చూశానంటున్నారు, సరిగ్గా చూశారా? నల్లటి నేల మీద తెల్ల గీతలది. నందలాల్ బోస్ గీతనే చెక్కాడు, చుట్టూ వదిలేశాడు. మీరేమో గీత వదిలి చుట్టూ చెక్కుతున్నారు. పొణికి లాంటి మెత్తటి చెక్కతో ఆ పని జరగదు. గేట్లు నల్లగా ఉంచి, సందుల్లోంచి దూకే నీళ్లు చెక్కండి. చెక్కే ముందు ఒక పూత లక్క పాలిష్ కొట్టి, ఆరాక ఉప్పుకాగితం పట్టించండి, పీల్చడం తగ్గుతుంది. లినోలియమంటే అవిసె నూనె, కార్కు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచింది. దానికి నార ఉండదు, ఉలి ఎటైనా పోతుంది. దొరికితే మంచిదే. ప్రెస్ అక్కర్లేదు, స్టీలు గరిటె వీపుతో రుద్దండి. అక్షరాలు ట్రేసింగ్ పేపర్ మీద రాసి, బోర్లించి దించుకోవాలి బాబూ.

గుంటూరు గీతలు: గురువుగారూ, నీళ్లు దూకాయి! గరిటె ఇంకా వంటింటికి తిరిగి వెళ్లలేదు, అది వేరే గొడవ. ‘కృష్ణ’ కూడా తిన్నగానే పడింది. ణవత్తు ఒక్కటి చెక్కడం మర్చిపోయా.