అప్‌డేట్: క్యోటోలో మా వంట క్లాస్, టీ

పక్కింటి జపనీస్ ఆంటీతో కలిసి టూరిస్టులకి ఇంట్లోనే వంట నేర్పిస్తూ టీ కూడా ఇద్దామనుకుంటున్నా, పర్మిషన్ కావాలా, వెజ్ వాళ్ళొస్తే ఎలా అని అడిగా కదా. క్లాస్ మొదలైపోయిందండీ, సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్!

పర్మిషన్ సంగతికొస్తే, వచ్చినవాళ్ళు వాళ్ళే వండుకుని తింటే ఒక లెక్క, మనం వండిపెట్టి డబ్బు తీసుకుంటే ఇంకో లెక్క అని మా ఏరియా హెల్త్ సెంటర్‌లో చెప్పారు. వంటగదిలో రిపేర్లు మొదలెట్టకముందే ప్లాన్ పట్టుకెళ్ళి అడగండి, ఓపిగ్గా చెప్తారు.

ఇక వెజ్. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ చూడ్డానికి వెజ్ లాగే ఉంటుంది కానీ మామూలుగా దాషిలో, అంటే ఆ సూప్‌కి మూలమైన రసంలో, బోనిటో చేప రేకులు పడతాయి. అందుకని మేం దాషికి కొంబు (ఎండు సముద్రపు నాచు), ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రే చల్లనీళ్ళలో నానేసి, పొద్దున సన్న సెగ మీద పెట్టి, నీళ్ళు తెర్లేలోపే కొంబు తీసేస్తాం, లేదంటే జిగురొచ్చి వాసన మారిపోద్ది. మిసో స్టవ్ కట్టేశాకే కలపాలి, మరిగిస్తే ఆ కమ్మదనం పోతుంది. గుంటూరు నుంచొచ్చిన ఒక పెద్దావిడ అడిగి మరీ ఇంకో గిన్నె పోయించుకున్నారు, నాకెంత సంతోషమేసిందో!

టీ అయితే ఉజి ఊరి గ్యోకురోకి (నీడలో పెంచిన ఆకుల గ్రీన్ టీ) నీళ్ళు 60 డిగ్రీలకి చల్లారాకే పోస్తాం, సలసలా కాగేవి పోస్తే చేదెక్కుతుంది. హోజిచాకి (వేయించిన ఆకుల టీ) మాత్రం మరిగే నీళ్ళే, మనవాళ్ళకి అదే ఎక్కువ నచ్చుతోంది.

టీ ప్యాకెట్లు అమ్మడం గురించి ఇంకా కనుక్కుంటున్నా, తేలగానే రాస్తా.