చలికాలం పొద్దున పల్లె దారుల్లో 40 కిలోమీటర్లు, తీరిగ్గా: ఎలా సిద్ధం కావాలి?

నింపాది:

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి సైకిళ్ల మీద 40 కిలోమీటర్లు చుట్టి రావాలనుకుంటున్నాం. మట్టి బాట ఏడు కిలోమీటర్లు, మిగతాదంతా పొలాల మధ్య సన్నటి తారు రోడ్డు, దారిలో నాలుగు ఊళ్లు. పొద్దున 5 డిగ్రీల చలి ఉంటుందంటున్నారు. వేగంతో పనిలేదు, నచ్చిన చోటల్లా ఆగుతూ వెళ్తాం. గేర్లున్న హైబ్రిడ్ సైకిళ్లు, 35 మిల్లీమీటర్ల టైర్లు, రిమ్ము బ్రేకులు, మడ్‌గార్డులు ఉన్నాయి.

ఏం వేసుకోవాలి? టైర్లలో గాలి ఎంత ఉంచాలి? ఎప్పుడు బయల్దేరాలి? చేతివేళ్లు కొంకర్లు పోయి బ్రేకు సరిగా పట్టు దొరకడం లేదు, దానికేం చేయాలి?

ఉన్నిమఫ్లర్:

నింపాది గారూ, ముందు ఒక మాట. చలి ఎక్కువ ఇబ్బంది పెట్టేది తీరిగ్గా తొక్కేవాళ్లనే. ఆపకుండా తొక్కేవాళ్లకు ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. మాటిమాటికీ ఆగేవాళ్లకు తొక్కేటప్పుడు పట్టిన చెమట ఆగగానే చల్లబడి వణుకు తెప్పిస్తుంది. అందుకని తొక్కడానికి సరిపడా బట్టలు ఒంటి మీద, ఆగినప్పుడు కావలసింది సంచిలో ఉండాలి.

5 డిగ్రీల చలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఎదురు తగిలే గాలికి ఒంటికి దాదాపు 2 డిగ్రీల్లా అనిపిస్తుంది. కాబట్టి ముందు ఆపాల్సింది గాలిని. ఒంటిని అంటుకుని పాలిస్టర్ బనియన్ గానీ పల్చటి ఉన్ని బనియన్ గానీ వేసుకోండి. నూలుది మాత్రం వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. దాని మీద పల్చటి స్వెట్టర్, పైన గాలి చొరని జాకెట్. జాకెట్ జిప్పు మెడదాకా ఉండాలి, చేతులు మణికట్టు దాటి రావాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలి అనిపించాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే, పది నిమిషాల్లో చెమట పట్టేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు జిప్పు దించండి, పల్లం మొదలవకముందే పైకి లాగేయండి.

ఆగిన వెంటనే, ఇంకా ఒళ్లు వేడిగా ఉండగానే, సంచిలోని మందపాటి జాకెట్ తొడుక్కోండి. చలి పట్టాక తొడుక్కుంటే ఒళ్లు మళ్లీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఒక్కో మజిలీ పది నిమిషాలు దాటకపోవడం మేలు.

ఇక వేళ్ల సంగతి. చేతులు కదలకుండా ఎదురుగాలిలో ఉంటాయి కాబట్టి ముందు అవే తిమ్మిరెక్కుతాయి. పైగా ఛాతీ, పొట్ట చల్లబడితే ఒళ్లు రక్తాన్ని లోపలికి లాక్కుని చేతులకూ కాళ్లకూ తగ్గించేస్తుంది. అందుకే గ్లౌజులు మారుస్తూ పోతే సరిపోదు, ఛాతీకి గాలి తగలకుండా చూసుకోవాలి. గ్లౌజు బిగుతుగా ఉంటే రక్తం ఆడదు. వేలి కొస దగ్గర కొద్దిగా ఖాళీ ఉండేది తీసుకుని, అది వేసుకునే రెండు వేళ్లతో బ్రేకు లివరు లాగి చూడండి. చాలా లివర్లకు హ్యాండిల్ వైపు చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే లివరు వేళ్లకు దగ్గరవుతుంది. మీరు చెప్పిన బాధకు ముందు చూడాల్సింది అదే. పాదాల విషయంలోనూ ఇంతే: ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు వేస్తే చలి ఇంకా పెరుగుతుంది. చెవులకు హెల్మెట్ కింద పట్టే పల్చటి టోపీ చాలు. మందపాటిది పెడితే హెల్మెట్ తల మీద సరిగా కూర్చోదు.

చైన్‌నూనె:

బట్టల సంగతి పైన చెప్పేశారు, నేను సైకిల్ గురించి చెప్తాను.

70 కిలోల మనిషికి 35 టైరులో ముందు 40, వెనక 45 నుంచి 50 పీఎస్ఐ మంచి మొదలు. బరువును బట్టి నాలుగైదు అటూఇటూ చేయండి గానీ, టైరు పక్కన ముద్రించిన కనిష్ఠం, గరిష్ఠం దాటకండి. ఒక మెలిక ఉంది. 25 డిగ్రీలున్న గదిలో 50 కొడితే, 5 డిగ్రీల చలిలోకి వెళ్లాక అది 46 దగ్గరికి దిగుతుంది. ఆ తగ్గేది లెక్కలో పెట్టుకుని కొట్టండి, లేదా సైకిల్‌ను అరగంట బయట ఉంచి అప్పుడు కొలవండి. మరీ తక్కువైతే గుంట అంచుకు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. అలాగని రాయిలా కొట్టకండి. చలికి రబ్బరు ఎలాగూ గట్టిపడి పట్టు తగ్గుతుంది, దానికి తోడు తడి ఆకులు, నీడలో ఆరని మలుపులు ఉంటాయి.

చైన్‌కి తడికి కడిగిపోని నూనె వేయండి. పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క, లోపలి వైపు నుంచి. పెడల్ వెనక్కి ఇరవైసార్లు తిప్పి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలింది మళ్లీ తుడవండి. చాలామంది వదిలేసేది ఈ చివరి తుడుపునే. పైన నూనె ఉంటే మట్టిని పట్టుకుంటుంది, ఆ మట్టే చైన్‌ని అరగదీస్తుంది.

బ్రేకు ప్యాడ్లు విప్పి వెలుతురులో చూడండి. నల్ల రబ్బరులో మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తే అవి రిమ్ము నుంచి ఊడిన అల్యూమినియం ముక్కలు. సూదితో తీసేసి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి. వదిలేస్తే ప్రతి బ్రేకుకీ రిమ్ము గీసుకుపోతుంది. రిమ్ము తడిగా ఉన్నప్పుడు మొదటి చుట్టులో బ్రేకు దాదాపు పట్టదు. పల్లం రాకముందే తేలిగ్గా ఒత్తి నీళ్లు తుడిచేయండి.

మట్టి బాట మీద ఒక్క జాగ్రత్త. జిగట మట్టయితే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలంగా తొక్కకండి. గేరు వేలాడే హ్యాంగర్ వంగిందంటే తర్వాత చైన్ గేర్ల మీద కుదురుగా నిలవదు. దిగి పుల్లతో గీకేసి, ఆ ముక్క నడిపించుకుంటూ వెళ్లడమే మేలు. ముందురోజు వాన పడి ఉంటే ఆ బాటే మానేయండి.

గట్టుదారి:

టైము లెక్క: తారు మీద 33 కిలోమీటర్లు 15 వేగంతో 2 గంటల 12 నిమిషాలు. మట్టి మీద 7 కిలోమీటర్లు 10 వేగంతో 42 నిమిషాలు. పది నిమిషాల చొప్పున నాలుగు మజిలీలు. మొత్తం మూడున్నర గంటలు దాటుతుంది. ఒక పంక్చరుకు చోటిచ్చి నాలుగు గంటలు అనుకోండి.

తెల్లారకముందే బయల్దేరొద్దు. చలి బాగా ముదిరేది సూర్యోదయం వేళకే, పొగమంచు దట్టంగా ఉండేదీ అప్పుడే. ఎండ వచ్చిన గంట తర్వాత కదిలితే రెండూ తగ్గుముఖం పడతాయి. అయినా కాలువలు, చెరువుల పక్కన, లోతట్టున మంచు ఆలస్యంగా విడుస్తుంది. లైటును దూరానికి కొట్టేలా పెడితే వెలుగు మంచు తెరకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది, కిందికి వంచండి. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగనివ్వండి. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి కాబట్టి ఫోన్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో పెట్టుకోండి.

చుట్టు ఎటు తిరగాలో గాలిని బట్టి తేల్చుకోండి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండాలి. అలసిపోయి, బనియన్ తడిసి ఉన్నప్పుడు ఎదురుగాలి తగిలితే చివరి పది కిలోమీటర్లు నరకం.

సన్నటి దారుల్లో మలుపు అవతల ఏముందో కనపడదు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగం దాటకండి. పొలంలోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కే చోట చక్రాల మట్టి తారు మీద పడి ఉంటుంది, అక్కడ బ్రేకు వేయకుండా, వంగకుండా నిటారుగా దాటండి. పశువుల మంద వస్తే పక్కకు ఆగి దారివ్వండి. బెల్లు కొడితే బెదురుతాయి, మాట వినిపిస్తే చాలు. కుక్క వెంటపడితే దిగి, సైకిల్‌ను దానికీ మీకూ మధ్య పెట్టుకుని నడవండి. ఊళ్లో మనిషి నడక వేగం చాలు.

దాహం వేయకపోయినా ప్రతి ఇరవై నిమిషాలకు రెండు గుక్కలు తాగండి, ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లయితే తాగబుద్ధి అవుతుంది. ముప్పావు గంటకోసారి ఏదో ఒకటి తినండి. కడుపు ఖాళీ అయితే చలి తట్టుకోలేరు.

నింపాది:

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. పంక్చర్ అయితే చలిలో ప్యాచ్ వేయాలా, ట్యూబు మార్చాలా? పంపు బదులు టైరులో నింపడానికి చిన్న కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ తీసుకెళ్లమని ఒకరు సలహా ఇచ్చారు.

చైన్‌నూనె:

ట్యూబు మార్చండి. ప్యాచ్ సొల్యూషన్ మామూలు రోజుల్లోనే ఐదు నిమిషాలు ఆరాలి, చలిలో ఇంకా ఆలస్యం. తడిమీద అంటిస్తే గాలి కొట్టగానే లేచిపోతుంది. మనిషికి రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు రెండు, ఒక చేతిపంపు. ప్యాచ్‌లు చివరి ఆసరాగా ఉంచుకోండి.

వెనక చక్రమైతే ముందు చైన్‌ని చిన్న గేరు మీదికి తెచ్చి, బ్రేకు వదులు చేసి తీయండి. చలికి టైరు బిర్రబిగుసుకుపోయి ఉంటుంది. లివరు పెట్టే ముందు టైరు అంచును చుట్టూ రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కుతూ రండి, వదులవుతుంది. లివరు వాల్వ్‌కి దూరంగా దూర్చండి. పాత ట్యూబుకు గాలి కొట్టి రంధ్రం కనుక్కుని, వాల్వ్ నుంచి ఎంత దూరమో చూసి, టైరులో అదే చోట గుడ్డతో తడమండి. తిమ్మిరెక్కిన వేలికి ముల్లు తెలియదు, గుడ్డకు తగులుకుంటుంది. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. ట్యూబుకు కొద్దిగా గాలి కొట్టి, గుండ్రంగా అయ్యాక లోపల పెట్టండి. అంచును వాల్వ్ ఎదుటి వైపు నుంచి మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. చివర్లో వాల్వ్‌ని ఒకసారి లోపలికి నెట్టి, అంచు దాని కింద ఇరుక్కోలేదని చూసుకోండి.

గ్యాస్ సిలిండర్ వదిలేటప్పుడు గడ్డకట్టేంత చల్లబడి చర్మానికి అతుక్కుంటుంది, గ్లౌజు లేకుండా ముట్టుకోకూడదు. ఆ కార్బన్ డయాక్సైడ్ రబ్బరు గుండా మామూలు గాలికన్నా తొందరగా కారిపోతుంది, ఇల్లు చేరాక అది తీసేసి గాలి కొట్టాల్సిందే. మీకు తొందరేమీ లేదు కాబట్టి చేతిపంపే పట్టుకెళ్లండి. వందసార్లకు పైగా కొట్టాలి, ఆ కొట్టుడుకు ఒళ్లు కూడా వెచ్చబడుతుంది. చక్రం విప్పే ముందే సంచిలోని మందపాటి జాకెట్ వేసుకోవడం మరవొద్దు.