కూలిన పాత కట్టడాలకు ప్రజల డబ్బు పెట్టాలా, వద్దా?

గచ్చుపని:
మొన్న ఇంకో చర్చలో ఒకరు "జనం టెంట్లలో ఉంటే రాళ్ళకి డబ్బులేంటి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట మనసులోంచి పోలేదు, అందుకే విడిగా మొదలుపెడుతున్నా. భూకంపమో వరదో వచ్చి వందల ఏళ్ళ నాటి గుడి, చర్చి, కోట దెబ్బతింటే మరమ్మతుకు ఖజానా నుంచి డబ్బు ఇవ్వాలా? ఇవ్వాలనే నేనంటాను. కాకపోతే ఎంత ఇచ్చారన్నదానికంటే ఎప్పుడు ఇచ్చారన్నదే నాకు ముఖ్యం. పాత కట్టడాల్లో సున్నపు పని చేస్తాను కాబట్టి కళ్ళతో చూసిందే చెప్తున్నా.

భూకంపాన్ని తట్టుకుని నిలబడ్డ గోడ ఏడాది తిరిగేసరికి ఎందుకు పడిపోతుందంటే చాలాసార్లు కారణం వాన. పాత రాతిగోడ అంటే ఒకే రాయి కాదు కదా, బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిల్లరరాళ్ళు, మట్టి, సున్నం నింపి ఉంటాయి. కప్పు ఎగిరిపోయాక గోడ తల తెరుచుకుంటుంది, నీళ్ళు నేరుగా ఆ మధ్యలోకి దిగుతాయి, సున్నం కరిగి లోపలి సరుకు కిందికి జారుతుంది, గోడకి పొట్ట వస్తుంది. పొట్ట వచ్చిన గోడ మీద చెయ్యి వేసి తడితే డొల్ల శబ్దం వస్తుంది, అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మొదటి వారంలో గోడ తల మీద టార్పాలిన్ కప్పి, పక్కన గట్టి ఊతలు పెట్టి ఉంటే అక్కడితో ఆగేది. ఆ పనికి డబ్బు ఎవరివ్వాలో తేలేసరికి రెండు వానాకాలాలు అయిపోతాయి.

న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ కథీడ్రల్ చూడండి. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో దాని శిఖరం కూలింది. పడగొట్టేద్దామని చర్చి వాళ్ళు, వద్దని ఇంకొందరు, కోర్టులు, అప్పీళ్ళు. బాగుచేద్దామని చర్చి మహాసభ ఓటు వేసింది 2017 సెప్టెంబరులో! ఆరున్నరేళ్ళు అది వానకి తడుస్తూ, పావురాలకి గూడై ఉండిపోయింది. అప్పట్లో 104 మిలియన్ డాలర్లన్నారు (వాళ్ళ డాలర్లే), 2024 నాటికి లెక్క 248 మిలియన్లకి చేరింది, ఆ ఏడాది ఆగస్టులో డబ్బు చాలక పని ఆపేశారు. డబ్బు ఇవ్వమని ముందే తెగేసి చెప్పినా అర్థం చేసుకునేవాణ్ణి. ఇస్తామో ఇవ్వమో తేల్చకుండా ఏళ్ళు గడపడమే అన్నిటికంటే ఖరీదైన పని.

ముందుఇల్లు:
ఆ ఒక్క ముక్క అన్నది నేనే. వెనక్కి తీసుకోను.

నేపాల్ 2015 భూకంపం గుర్తుందా? ఏప్రిల్ 25న 7.8 తీవ్రత, దాదాపు 9 వేల మంది పోయారు, సుమారు 5 లక్షల ఇళ్ళు నేలమట్టం. పునర్నిర్మాణానికి ఒక సంస్థ పనిలోకి రావడానికే డిసెంబరు దాకా పట్టింది. ఇల్లు పోయిన కుటుంబానికి మొదట 2 లక్షల నేపాలీ రూపాయలన్నారు, తర్వాత 3 లక్షలు చేశారు, అదీ విడతలుగా. ఈలోపు చలికాలం రేకుల కింద గడిపారు జనం. అదే సమయంలో ప్రపంచం కెమెరాలన్నీ ఎటు తిరిగాయి? కూలిన గుళ్ళ వైపు, కాఠ్మండూలో కూలిన ఎత్తైన పాత స్తంభం ధరహర వైపు. రేకుల షెడ్డులో బాలింత ఉందని ఏ దేశమూ ప్రత్యేక నిధి ప్రకటించదు, గోపురం పడితే ప్రకటిస్తుంది. నాకు మండేది అక్కడ.

పైగా కాఠ్మండూలోని పాత చెక్క మండపం, కాష్ఠమండపం కూలినప్పుడు లోపల రక్తదాన శిబిరం జరుగుతోంది. రక్తం ఇద్దామని వచ్చినవాళ్ళు ఆ దూలాల కింద చనిపోయారు. మన వారసత్వం అంటూ నిలబెట్టుకున్న కట్టడాలు మనుషుల్ని కూడా చంపుతాయండీ. ముందు ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు. అవి పూర్తయ్యాక మిగిలితే గోపురాలు.

లెక్కలమనిషి:
ఇద్దరూ ఒకే సంచీ లోంచి డబ్బు తీయాలన్నట్టు మాట్లాడుతున్నారు. అలా కానక్కర్లేదు. ఇటలీలో 1985 చట్టం నుంచి ఒక పద్ధతి ఉంది, ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతులు ఏదైనా మతసంస్థకి వెళ్ళాలో ప్రభుత్వానికి వెళ్ళాలో పన్ను కట్టేవాడే టిక్కు పెట్టొచ్చు, ప్రభుత్వ వాటాని ప్రకృతి విపత్తులకీ సాంస్కృతిక కట్టడాలకీ కూడా వాడతారు. 2014లో ఇంకోటి తెచ్చారు, ప్రభుత్వ వారసత్వ కట్టడానికి విరాళం ఇస్తే అందులో 65 శాతం పన్నులో తగ్గిస్తారు. అక్కడి లాక్విలా ఊళ్ళో 2009 భూకంపంలో దెబ్బతిన్న కొల్లెమాజ్జో బసిలికాకి (బసిలికా అంటే పెద్ద చర్చి) ఎని అనే ఇంధన కంపెనీ డబ్బు పెట్టింది, 2017 డిసెంబరులో తెరిచారు. ఇందులో ఇబ్బంది కూడా చెప్పాలి: దాతలు అందరికీ తెలిసిన కట్టడాన్నే ఎంచుకుంటారు, పక్కవీధిలో పేరులేని చిన్న చర్చి అలాగే పడి ఉంటుంది. అందుకే నా లెక్కలో పేరున్నవాటిని దాతలకి వదిలి, ప్రజల డబ్బు పేరులేనివాటికి పెట్టాలి.

ఇంకో చిక్కుముడి, వాడుకలో ఉన్న ప్రార్థనా స్థలాలు. అమెరికాలో 2017 హార్వీ తుఫాను తర్వాత మూడు టెక్సస్ చర్చిలు విపత్తు సాయం మాకెందుకు లేదని కోర్టుకెళ్ళాయి, 2018 జనవరిలో అక్కడి విపత్తు సాయం చూసే ప్రభుత్వ సంస్థ ఫెమా నియమం మార్చింది, ఇప్పుడు ప్రార్థనా మందిరాలూ అడగొచ్చు. నాకు ఇది మింగుడుపడదు. పన్ను కట్టేవాడికి ఆ మతంతో సంబంధం ఉండకపోవచ్చు కదా.

గచ్చుపని:
ముందుఇల్లు గారూ, బాలింత గురించి మీరన్నది నిజం, దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఇళ్ళ డబ్బులో ఒక్క రూపాయి కూడా గోపురానికి మళ్ళించకూడదు, ఇది నేనూ ఒప్పుకుంటా. నేను "ఎప్పుడు" అన్నది కూడా దాన్ని దృష్టిలో పెట్టుకునే. మొదటి నెలలో నాకు కావలసింది టార్పాలిన్లు, దుంగలు, ఇనుప గొట్టాలు, తాళ్ళు, నలుగురు మేస్త్రీలు, ఫొటోలు తీసేవాళ్ళు ఇద్దరు. దీనికయ్యేది పూర్తి మరమ్మతు ఖర్చుతో పోలిస్తే చాలా చిన్న మొత్తం. గోపురం మళ్ళీ కట్టాలా వద్దా అన్నది ఇళ్ళన్నీ అయ్యాకే తేల్చండి, పదేళ్ళు తీసుకోండి, కానీ తేల్చుకునే అవకాశం ఉండాలంటే రాయి రాయి లాగా మిగలాలి కదా.

జపాన్‌లో కుమమోతో కోట గురించి చెప్తా. 2016 ఏప్రిల్ 14న ఒకటి, 16న ఇంకోటి, రెండు పెద్ద భూకంపాలు. ఒక బురుజు కింద రాతికట్టు చాలా భాగం జారిపోయి, మూలన నిలువుగా ఒక్క వరస రాళ్ళ మీద బురుజు వేలాడుతూ మిగిలింది. (ఆ బురుజు 2005లో తిరిగి కట్టిందే, కింది రాతికట్టు పాతది.) కొన్ని నెలల్లోనే పెద్ద ఇనుప చట్రం తయారుచేసి, చంటిబిడ్డని చేతుల్లోకి తీసుకున్నట్టు దాన్ని పట్టుకున్నారు. రాలిన రాళ్ళకి ఒక్కోదానికి నంబరు వేసి మైదానంలో వరసగా పేర్చారు, పాత ఫొటోలు పెట్టుకుని ఏ రాయి ఎక్కడిదో వెతుకుతున్నారు. ప్రధాన భవనం 2021లో తెరిచారు, కోట మొత్తం పూర్తయ్యేది 2052 నాటికట! ఎవరికీ తొందర లేదు, ఎందుకంటే మొదట్లోనే అన్నీ భద్రం చేసుకున్నారు. 10 వేల యెన్లు, ఆపైన ఇచ్చిన మామూలు జనానికి "కోట యజమాని" అని పత్రం ఇచ్చారు, అలా కూడా డబ్బు వచ్చింది.

కాఠ్మండూలో దీనికి ఉల్టా జరిగింది. కొన్ని చోట్ల శిథిలాల్ని బుల్డోజర్లతో ఎత్తేశారు, చెక్కడం ఉన్న దూలాలు, పాత ఇటుకలు చెత్తతో కలిసిపోయాయి. తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ దూలం మళ్ళీ వస్తుందా?

కాష్ఠమండపం మనుషుల్ని చంపింది అన్నారు కాబట్టి అది కూడా చెప్పుకుందాం, ఎందుకంటే నా బాధ అంతా అందులోనే ఉంది. కూలిన తర్వాత పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూస్తే పునాది చెక్కుచెదరలేదు, సుమారు 7వ శతాబ్దం నాటిది, గట్టిగానే ఉంది. నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకదాని అడుగు మాత్రం పునాదితో అతుకు లేకుండా ఉంది, 1960లలో నేల మళ్ళీ పరిచినప్పుడు దాన్ని సరిచేయకుండా పైన పలకలు వేసేశారు. అంటే పాత పనితనం కంటే, మధ్యలో చేసిన చవక మరమ్మతు దెబ్బతీసింది. ఇటలీలోనూ ఇదే. చెక్క కప్పులు తీసి కాంక్రీటు కప్పులు ఎక్కించిన రాతి ఇళ్ళు 2016 భూకంపంలో ఆ బరువుకే నలిగిపోయాయి. డబ్బు ఎవరికి ఇస్తున్నాం, ఏ షరతు మీద ఇస్తున్నాం అన్నది చూడకుండా "ఇచ్చాం" అని చేతులు దులుపుకుంటే వచ్చేసారి ప్రాణాలు పోయేది అందుకే. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక లోపలే కుళ్ళుతుంది, ఈ మాట ఎన్ని చోట్ల ఎంతమందికి చెప్పానో నాకే తెలుసు.

లెక్కలమనిషి గారూ, ప్రార్థనా స్థలం సంగతి. నేనైతే రెండు భాగాలు చేస్తా. గోడ, కప్పు, పునాది, పాత చిత్రాలు అందరివీ. పూజా సామగ్రి, మైకులు, కుర్చీలు వాళ్ళవి. మొదటివాటికి డబ్బు ఇచ్చినప్పుడు ఏ మతంవాడైనా లోపలికి వచ్చి చూసే హక్కు రాతపూర్వకంగా ఉండాలి, అది ఒప్పుకోకపోతే డబ్బు లేదు.

ముందుఇల్లు:
స్తంభం అడుగు విషయం నాకు తెలియదు, ఆలోచించాల్సిన మాటే. కానీ మీ వాదన ఒకచోట జారుతోంది. మొదట టార్పాలిన్ అంటారు, తర్వాత "ఇంత కాపాడాం కదా, ఇప్పుడు వదిలేస్తే ఎలా" అంటారు, అలా అలా 104 కాస్తా 248 అవుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో ఆలస్యం ఒక్కటే కారణమా? ధరలు పెరిగాయి, భూకంపాన్ని తట్టుకునేలా చేయడం ఖరీదు. మీ పద్ధతిలో చేసినా ఎక్కడో ఒకచోట ఆపాలి, ఆ గీత ఎవరు గీస్తారు?

అసీసీ:
ఒక్క విషయం చెప్పి వెళ్తా. 1997 సెప్టెంబరు 26న ఇటలీలోని అసీసీ ఊళ్ళో మొదటి భూకంపం వచ్చాక నష్టం ఎంతో చూద్దామని ఇద్దరు సన్యాసులు, ఇద్దరు సర్వేయర్లు బసిలికా లోపలికి వెళ్ళారు. రెండోది వచ్చి కప్పు వాళ్ళ మీద పడింది, నలుగురూ పోయారు. దయచేసి "మొదటి వారంలోనే" అని రాసేటప్పుడు లోపలికి వెళ్ళే మనిషి భద్రత కూడా రాయండి. ఊతలు బయటి నుంచి, కొలతలు దూరం నుంచి, డ్రోన్లతో. అవి కొనడానికి డబ్బు విపత్తు రాకముందే ఉండాలి.

గచ్చుపని:
సరిగ్గా చెప్పారండీ, నేను మర్చిపోయాను, తప్పు నాదే.

ముందుఇల్లు గారూ, గీత సంగతి. ఆలస్యం ఒక్కటే కారణం అనను, ధరల మాట నిజమే. గీత మాత్రం మొదటి నెలలోనే గీసేయాలంటాను. రక్షణ పనికి ఒక మొత్తం, అది దాటితే ఎవరూ అడగకూడదు. రెండో మొత్తం అడగాలంటే ఆ ఊళ్ళో ఇళ్ళు ఎన్ని పూర్తయ్యాయో ఆ లెక్క కూడా చూపించి అడగాలి. లెక్క బాగాలేకపోతే టార్పాలిన్ కిందే ఉండనీ, ఇంకో ఐదేళ్ళు.

ముందుఇల్లు:
ఇళ్ళ లెక్క చూపించి అడగాలన్న షరతు కాగితం మీద ఉంటే మీ టార్పాలిన్‌కి నా ఓటు. గోపురానికి ఇంకా కాదు.