ఎక్సెల్, టాలీ నేర్పేటప్పుడు ముందు నోట్సా, ముందు పనా?

గోదావరి_గట్టు:
మా ఊళ్లో చిన్న కంప్యూటర్ సెంటర్‌లో సాయంత్రం బ్యాచ్‌కి ఎక్సెల్ చెబుతాను. షాపుల్లో లెక్కలు రాసేవాళ్లు, ప్రైవేటు స్కూళ్ల గుమాస్తాలు, డిగ్రీ అయి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు వస్తారు. ఇన్నాళ్లూ హోమ్ ట్యాబ్‌లో ఏముంది, ఇన్సర్ట్ ట్యాబ్‌లో ఏముంది అంటూ వరసగా నోట్స్ రాయించి, తర్వాతే సిస్టమ్ మీద చేయించేదాన్ని. పోయిన నెల నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. కొత్త ఉద్యోగంలో జీతాల షీట్ చేయమన్నారట. 16 అంకెల బ్యాంకు అకౌంట్ నంబర్లు కొడితే అన్నిటికీ చివరి అంకె సున్నా అయిపోయింది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే ఉంచుకుంటుంది. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి కొట్టాలి, కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. ఆ అమ్మాయి నోట్స్‌లో ‘ఫార్మాట్ సెల్స్’ ఉంది, దాని కింద ‘టెక్స్ట్’ కూడా ఉంది. అది ఎప్పుడు అక్కరకొస్తుందో లేదు. ఆ తప్పు నాది. ఇకనుంచి మొదటి రోజే ఎవరి పని వాళ్లు తెచ్చుకుని దాని మీదే నేర్చుకునేలా మార్చేద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

పాత_చిట్టా:
తొందరపడకండమ్మా. 18 ఏళ్లుగా టాలీ, అంటే వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, చెబుతున్నాను. నేరుగా పనిలోకి దించేస్తే పిల్లలకు మీటలు వస్తాయి, లెక్క రాదు. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్ అని వారంలో పట్టేస్తారు. యజమాని ఇంటి ఖర్చుకి తీసుకున్న డబ్బు డ్రాయింగ్స్‌లో (యజమాని సొంతానికి తీసుకున్న డబ్బు రాసే ఖాతాలో) వేయాలా, దుకాణం ఖర్చులో వేయాలా అన్నది ఏ మీటా చెప్పదు. డెబిట్, క్రెడిట్ సరిపోతే చాలు, టాలీ ఓచర్ (ఆ లావాదేవీ ఎంట్రీ) తీసేసుకుంటుంది. లాభం తప్పని ఆడిటర్ పట్టుకునేదాకా తెలియదు. అందుకే మొదటి పది రోజులు నేను సిస్టమ్ ముట్టనివ్వను. చిట్టా, ఆవర్జా చేత్తో రాయిస్తాను.

వంటింటి_వెలుగు:
నేర్చుకున్నదాన్నిగా చెబుతాను. 47వ ఏట మా స్వయం సహాయక సంఘం లెక్కల కోసం క్లాసులో చేరాను. నోట్స్‌తో నాకు ఇబ్బంది లేదు. మౌస్‌తోనే ఇబ్బంది. నేను తప్పు నొక్కగానే సార్ ‘ఇటివ్వండమ్మా’ అని మౌస్ తీసుకుని టకటకా సరిచేసేవారు. ఆయన మంచివారే, కానీ నా చేతికి ఏమీ అలవాటు కాలేదు. ఏది నొక్కితే ఏం చెడిపోతుందోనని టెన్షన్. చివరికి మా అక్క కూతురు ‘పిన్నీ, తప్పు నొక్కితే కంట్రోల్ జెడ్ కొట్టు, మళ్లీ మామూలైపోతుంది’ అంది. ఒక సాయంత్రమంతా కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకుంటూ కూర్చున్నా. భయం అప్పుడు పోయింది. దయచేసి మొదటి రోజే అందరికీ ఇది చెప్పండి.

తెరచాప:
గోదావరి గట్టు గారూ, పాత చిట్టా గారూ, మీ ఇద్దరి మాటకీ పరిశోధనల ఆధారం ఉంది. 1980ల్లో ఐబీఎంలో జాన్ కారల్ బృందం కొత్తగా వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్లను గమనించింది. లావుపాటి మాన్యువల్ ఇస్తే వాళ్లు వరసగా చదవలేదు, సొంత పని మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయారు. మాన్యువల్‌ని బాగా కుదించి, తప్పు జరిగితే ఎలా బయటపడాలో చేర్చి ఇస్తే త్వరగా నేర్చుకున్నారు. అదే దశకంలో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ బీజగణితంతో ఇంకో విషయం చూపించాడు. కొత్తవాళ్లకు ఊరికే లెక్కలిచ్చి చేయమనడం కన్నా, చేసి చూపిన లెక్కలు ముందిస్తే మేలు. కాబట్టి పని వాళ్లదే కావాలి, మొదటిసారి దారి మాత్రం మీరు చూపాలి. పూర్తయిన షీట్ ఒకటి, సగం చేసింది ఒకటి, ఆ తర్వాత ఖాళీది ఇచ్చి చూడండి.

కొత్త_కొలువు:
అసలు ఎవరూ చెప్పక్కర్లేదండీ. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా గోడలో కంప్యూటర్ పెడితే బస్తీ పిల్లలు సొంతంగా వాడటం నేర్చుకున్నారు. ఇప్పుడైతే యూట్యూబ్‌లో ఎక్సెల్ వీ లుకప్ ఫార్ములా కూడా తెలుగులోనే దొరుకుతోంది.

పాత_చిట్టా:
ఆ పిల్లలకు గడువు లేదు బాబూ. మా దగ్గరికి వచ్చేవాడు నెలనెలా 11వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) వేయాలి. వీడియో చూస్తున్నంతసేపూ వచ్చినట్టే ఉంటుంది, ఖాళీ షీట్ ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు.
వంటింటి వెలుగు గారు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. నేనూ మౌస్ తీసేసుకుంటాను. ఇక తీసుకోను. కాకపోతే ఎక్సెల్‌లో షీట్ మొత్తం డిలీట్ చేస్తే కంట్రోల్ జెడ్‌తో తిరిగి రాదు, ఫైల్ కాపీ తీసుకుని దాని మీద చేయమని కూడా చెప్పాలి. చేత్తో చిట్టా రాయించడం మాత్రం మాననండి.

గోదావరి_గట్టు:
మాస్టారూ, లెక్క ముందు తెలియాలన్నది ఒప్పుకున్నాను. పది రోజులు సిస్టమ్ ముట్టకూడదన్నది ఒప్పుకోను. యజమాని తీసుకున్న 5,000 రూపాయలు ఒకసారి ఖర్చులో వేయించి, అదే ఓచర్‌ని డ్రాయింగ్స్‌కి మార్పించి, లాభనష్టాల ఖాతా తెరిపించండి. లాభం 5,000 పెరగడం పిల్లలకు అక్కడికక్కడే కనిపిస్తుంది. చేత్తో రాస్తే అది తెలియడానికి ఒక రోజంతా పడుతుంది.
సోమవారం నా కొత్త బ్యాచ్. మొదటి పాఠం 16 అంకెల అకౌంట్ నంబరే. కొట్టనిస్తాను, సున్నా పడనిస్తాను, అప్పుడు ఎందుకో చెబుతాను. మూడు షీట్ల పద్ధతి కూడా పెడుతున్నా. 12 మందికి 6 సిస్టమ్‌లే ఉన్నాయి, సగం మందికి ఇంట్లో సిస్టమ్ లేదు. అందుకే ఇద్దరు కూర్చున్నచోట తక్కువ వచ్చినవాళ్ల చేతిలోనే మౌస్ ఉంటుంది. నెల తర్వాత ఏమైందో ఇక్కడే రాస్తాను.