ఆరు నుంచి ఎనిమిది క్లాసుల మ్యూజిక్: ఆటపాటలు చాలా, నొటేషన్ కావాలా?

బడిపాట: ఆరు, ఏడు, ఎనిమిది క్లాసులకి మ్యూజిక్ చెప్తాను, వారానికి ఒక్కటే పీరియడ్. ఈ ఏడాది పుస్తకం పక్కన పెట్టి రకరకాల దేశాల ఆటపాటలు చేయిస్తున్నా. ఘానా పిల్లల రాయి ఆటతో మొదలెట్టాం, అందరూ గుండ్రంగా కూర్చుని ఒక బీట్‌కి రాయి తీసుకుని, తర్వాతి బీట్‌కి కుడిపక్క వాళ్ల ముందు పెట్టాలి, పాట మాత్రం ఆగకూడదు. ఎవరైనా ఆలస్యం చేశారో, వాళ్ల ముందు రాళ్లు కుప్పపడతాయి, తాళం ఎక్కడ తప్పిందో నేను చెప్పక్కర్లేదు. మా సీనియర్ ఒకాయన చూసి "ఇది మ్యూజిక్ క్లాసా, ఆటల పీరియడా" అన్నారు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. మీరేమంటారు?

స్వరలిపి: ఆయన అన్నదాంట్లో తప్పేం లేదండి. పన్నెండేళ్ల పిల్ల లెక్కలు చేస్తుంది, పాఠం చదువుతుంది, నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరం ఎక్కడుందో చదవడం మాత్రం కష్టమా? నేను చదివింది ఇలాంటి క్లాసులోనే. మూడేళ్లు చప్పట్లు కొట్టాం, కర్రలు తట్టాం, బ్రహ్మాండంగా ఉండేది. తర్వాత ఆర్కెస్ట్రాలో చేరితే ముందు కాగితం పెట్టారు. ఏడాది పొడుగునా పక్కమ్మాయి వేళ్లు చూసి వాయించాను, ఒకరోజు ఆ అమ్మాయి రాలేదు. ఆ రోజు సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పక్కబెంచీ: మా పాపదీ ఇదే పరిస్థితి. పాటలన్నీ వచ్చు, పేపర్ పెడితే బిక్కమొహం.

రెండోకాలం: పాట ముందు, గుర్తు తర్వాత, పిల్లలకి మాటలు వచ్చేదీ అలాగే కదా. హంగేరీలో పిల్లల సంగీత బోధనకి పేరుపడ్డ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ చెప్పిందీ ఇదే. ఇక ఆటలు తేలికనుకుంటే ఇండోనేషియాలోని బాలి వాళ్ల కొతెకాన్ చేసి చూడండి. ఒక జట్టు వదిలిన సందులో రెండో జట్టు కొడుతుంది, రెండూ కలిస్తే ఒక్కరే మహా వేగంగా వాయిస్తున్నట్టు వినపడుతుంది. నేను పెద్దవాళ్ల చేత చేయించా, ఎనిమిది బీట్లు నిలబెట్టలేకపోయారు.

స్వరలిపి: కొదాయ్ పేరు సగమే వాడకండి. పిల్లలు కాగితం చూసి పాడగలగాలని 1967లో పోయేదాకా తపించిన మనిషి ఆయన. ఆ పద్ధతిలో ఒక్కో స్వరానికి ఒక్కోలా చూపించే చేతి గుర్తులు కూడా ఆయన సొంతం కాదు, 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ వాడుకలోకి తెచ్చినవి.

రెండోకాలం: చేతి గుర్తుల ఊసు నేనెక్కడ ఎత్తాను? నా పోస్టు ఇంకోసారి చదవండి.

స్వరలిపి: కొదాయ్ అంటే అవీ వస్తాయి.

రెండోకాలం: రావు. నేను అననిది నాకు అంటగట్టొద్దు.

తంబుర: బడిపాట గారు అడిగింది చేతి గుర్తుల గురించి కాదండీ.

నిశ్శబ్దం: ఒక మాట చెప్పొచ్చా. పన్నెండు పదమూడేళ్లప్పుడు మగపిల్లల గొంతు మారుతుంది, మొన్నటిదాకా అందిన పై స్వరాలు అందవు, కొన్నాళ్లు ఐదారు స్వరాలకి మించి పలకదు. నాకు ఆ ఏడే గ్రూప్ సాంగ్‌లో "నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నారు. ఇప్పుడు నాకు నలభై దాటాయి, మా పిల్లని నిద్రపుచ్చడానికి కూడా ఫోన్లో పాట పెడతాను. రాళ్ల ఆట అయితే నేను కూడా ఆడేవాణ్ణి.

స్వరలిపి: బాధగా ఉంది. కానీ అది ఆ టీచర్ తప్పు, నొటేషన్‌ది కాదు. బడిపాట గారూ, ప్రపంచ సంస్కృతులు అంటున్నారు, ఆ ఘానా పాట అర్థం పిల్లలకి చెప్పారా? అక్కడి వాళ్లు పాడింది వినిపించారా? వారానికో దేశం తిప్పేస్తే జెండాలు గుర్తుంటాయి, సంగీతం గుర్తుండదు.

బడిపాట: వినిపించాను. అర్థం చెప్పలేదు. ఒక పాప అడిగింది, వచ్చే వారం చెప్తా అన్నాను, నాకే తెలియదు. అది నా తప్పే. ఇకనుంచి ఏడాదికి రెండు మూడు చోట్లకి మించి పోను.

రెండోకాలం: ఐదు గీతలే కొలబద్ద అనుకుంటే అన్ని సంగీతాలూ అందులో పట్టవు. గమెలాన్ అని ఇండోనేషియా వాళ్ల కంచు వాయిద్యాల బృందం ఉంది, దాంట్లో ఒక్కో సెట్టుకి ఒక్కో శ్రుతి, ఒక సెట్టులో వాయిద్యం ఇంకో సెట్టులో కలవదు. బాలిలోనైతే జంట వాయిద్యాలని కావాలనే కాస్త తేడాతో శ్రుతి చేస్తారు, ఆ తేడాకే నాదం అలలా ఊగుతుంది. ఆ ఊపుని ఏ గీత మీద రాస్తారు? రాయలేనిది సంగీతం కాదా? క్లాసులో నలుగురు చదవగలిగితే చాలా, మిగతా వాళ్లు ఏమైపోవాలి? మీ బాధల్లా వాయించేవాళ్ల గురించే!

స్వరలిపి: నలుగురి గురించా? ఇంట్లో కీబోర్డూ ట్యూషనూ ఉన్న ఆ నలుగురూ ఎలాగైనా నేర్చుకుంటారండీ! మాకు ఇంట్లో ఏమీ లేదు, చదవడం నేర్పాల్సింది బడి ఒక్కటే, అది నేర్పలేదు. ఆనందించండి చాలు అని పంపేశారు. ఆనందం నాకు దొరికింది, వాద్యం దొరకలేదు. మీరు అందరినీ కలుపుతున్నాం అనుకుంటారు, తలుపు మూసుకుపోయేది నాలాంటి వాళ్లకే.

రెండోకాలం: ఇది మొదటే చెప్పాల్సింది. నేను మిమ్మల్ని ఆ ట్యూషన్ పిల్లల పక్షం అనుకున్నాను. అయినా నా మాట నాదే, నిశ్శబ్దం గారి లాంటి పిల్లాడు ముందు క్లాసులో మిగలాలి, చదవడం ఆ తర్వాత.

స్వరలిపి: ఆ తర్వాత అంటే ఎప్పుడు? నాకు ఆ తర్వాత రానేలేదు.

బడిపాట: వచ్చే వారం రాళ్ల ఆట అయ్యాక ఆ దరువుని పిల్లల్నే బోర్డు మీద రాయమంటాను, ముందు వాళ్లకి తోచిన గుర్తుల్తో, తర్వాత అసలు నొటేషన్‌లో. గొంతు మారుతున్న పిల్లలు ముగ్గురున్నారు, వాళ్లకి హాయిగా అందే రెండు కింది స్వరాలతో వేరే వరుస కడతా.

స్వరలిపి: రాశాక ఆ కాగితం పక్క సెక్షన్‌కి ఇవ్వండి. పాట వినిపించొద్దు, ఆట చూపించొద్దు. కాగితం చూసి దరువు కొట్టగలిగితే నేను ఒప్పుకుంటాను.

నిశ్శబ్దం: ఆ ముగ్గురూ పాడారో లేదో కూడా రాయండి.