జ్యామితి ఆచార్యుణ్ణి దేనితో తూచాలి: పేపర్లతోనా, శిష్యులతోనా?

వేళచ్చేరి నుంచి (చర్చ ప్రారంభించినవారు):
చెన్నైలోని ఒక కళాశాలలో గణితం బోధిస్తున్నాను. మా పదోన్నతి దరఖాస్తులో పరిశోధన పేపర్లకు గడులున్నాయి గానీ, ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం మా వసారాలో నలుగురైదుగురు పిల్లలచేత వక్రతలాల జ్యామితి చదివించడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. శిష్యులను తయారుచేయడాన్ని పరిశోధనతో సమానంగా లెక్కించాలని నా వాదన.

అడయార్ నుంచి:
మీ పక్షానికి సాక్ష్యం నుంగంబాక్కంలోనే ఉందండీ. లయోలా కళాశాలలో పాఠం చెప్పిన ఫ్రెంచి జెసూట్ ఫాదర్ రాసీన్‌ను ఇవాళ ఆయన పేపర్ల కోసం ఎవరూ తలచుకోరు. కానీ ఆయన వద్ద చదివిన శేషాద్రి, నరసింహన్ గార్లు 1953లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరి, రీమాన్ తలం (సంకీర్ణ సంఖ్యల గణితం నడిచే వక్రతలం) మీది స్థిర వెక్టర్ బండిళ్లకూ (ప్రతి బిందువుకూ ఒక వెక్టర్ల అంతరాళాన్ని అతికించిన నిర్మాణాల్లో నిలకడైనవాటికి), ఆ తలం మీద బయలుదేరిన చోటికే తిరిగివచ్చే దారుల సమూహపు యూనిటరీ ప్రాతినిధ్యాలకూ (ఆ దారులను పొడవులు మార్చని మాత్రికలుగా చూపడానికి) ఉన్న సంబంధాన్ని 1965లో నిరూపించారు. దానికే 1983లో బ్రిటిష్ గణితవేత్త డొనాల్డ్‌సన్ అవకలన జ్యామితి (కలన గణితంతో వక్రరూపాలను చదివే శాఖ) మార్గంలో మరో నిరూపణ ఇచ్చారు.

తాంబరం నుంచి:
మీరు సగమే చెప్పారు. రాసీన్ స్వయంగా పారిస్‌లో ప్రసిద్ధ జ్యామితివేత్త ఎలీ కార్తాన్ వద్ద 1934లో డాక్టరేట్ పొందినవారు. ఇక్కడి సిలబస్‌లో లేని కొత్త గణితాన్ని పిల్లలకు చూపగలిగింది అందువల్లనే. తాను ఒక ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టనివారు, ఏ ప్రశ్న పట్టుకోదగినదో విద్యార్థికి ఎలా చెబుతారు? పైగా గైడ్ చేసిన విద్యార్థుల తలలు లెక్కపెట్టి మార్కులిస్తే, పేపర్లకు పట్టిన గతే పీహెచ్‌డీలకూ పడుతుంది.

సిరుసేరి నుంచి:
ఈ రెంటినీ విడదీయడమే నాకు నచ్చలేదు. శేషాద్రి గారు 1989లో నాటిన సంస్థే నేటి చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. పరిశోధకులే డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేలా 1998లో అక్కడ బీఎస్సీ మొదలైంది. ఆయన శిష్యుల్లో మన ముసిలి గారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తరాల విద్యార్థులకు బీజగణితం నేర్పారు. (శేషాద్రి గారి మరో శిష్యురాలు లక్ష్మీబాయి గారితో కలిసి ఆ గురుశిష్యులు రాసిన పేపర్లను ఏ గడిలో వేస్తారో చెప్పండి!)

వేళచ్చేరి నుంచి:
తలల లెక్క వద్దని ఒప్పుకుంటున్నాను. పూర్వ విద్యార్థుల నుంచి లేఖలు తెప్పించుకోవచ్చు కదా?

తాంబరం నుంచి:
లేఖలు అడిగేది ప్రొఫెసర్లయినవారినే కదండీ.

వేళచ్చేరి నుంచి:
నా ఆదివారం పిల్లల్లో ఎక్కువమంది బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డారు. వారిని కూడా అడగాలంటాను.