ఫోర్క్ మీద నూనె చార, గాలి కూడా దిగిపోతోంది: ఏ సీల్ పోయినట్టు?

అందరికీ నమస్కారం. మాది రాయగడ. కొరాపుట్ వైపు కొండదారుల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్, కొండదారుల సైకిల్) తొక్కుతాను. నా సైకిల్ ముందు చక్రానికి ఉన్నది 120 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఎయిర్ ఫోర్క్, అంటే స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసే సస్పెన్షన్. వానల్లో ఎర్రమట్టిలో తిరిగినప్పటి నుంచి ఫోర్క్ ఎడమ గొట్టం చుట్టూ నల్లటి నూనె చార పడుతోంది. శుభ్రంగా తుడిచినా ఒక్క ఘాట్ దిగేసరికి మళ్లీ అదే. ఎక్కి కూర్చుంటే 30 మి.మీ. దిగేలా, అంటే సాగ్ 25 శాతానికి పెట్టుకుంటే, రెండు రోజులకే 40 మి.మీ. దాటుతోంది. రీబౌండ్ (నొక్కి వదిలితే ఫోర్క్ తిరిగి లేచే తీరు) మాత్రం బాగానే ఉంది.

పోయింది పైనుండే డస్ట్ సీలా, లోపలి ఎయిర్ సీలా? విప్పకుండా తేల్చుకోవచ్చా? ఇక్కడి షాపులో బేరింగ్ గ్రీజు పూస్తామన్నారు, నాకు మనసొప్పలేదు. బరంపురంలోనో విశాఖలోనో లోయర్స్ (ఫోర్క్ కింది గొట్టాలు) విప్పి సర్వీస్ చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి. ఈ సైకిలంటే నాకు ప్రాణం.